పెరట్లో ఉన్న ఆపిల్ చెట్టుకే నచ్చిన రకాలు అంటు కట్టాలంటే

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్ళకి పనికొస్తుంది. సెంట్రల్ న్యూజెర్సీలో కొన్న ఇంటి పెరట్లో పదిహేనేళ్ళ ఆపిల్ చెట్టు ఉంది. రెడ్ డెలీషియస్ అనుకుంటున్నారు. కాయ చూడ్డానికి బాగుంటుంది, కొరికితే చప్పగా, పిండిపిండిగా ఉంటుంది. చెట్టు కొట్టెయ్యకుండా దాని మీదే హనీక్రిస్ప్, ఫ్యూజీ, పింక్ లేడీ, కాస్మిక్ క్రిస్ప్ కట్టాలని మీ కోరిక. మీ నాన్నగారు నూజివీడులో మామిడి అంట్లు కట్టిన చెయ్యి, మే 10న వస్తున్నారు, ఆయన చేత కట్టించొచ్చా అని.

కట్టించొచ్చు, శుభ్రంగా కట్టించొచ్చు. కానీ ఆయన విమానం ఎక్కేలోపు మీ వంతు పని ఒకటి ఉంది, అది ఫిబ్రవరి దాటితే కష్టం. ఇంకో మాట, మీ నాలుగు రకాల్లో మూడు నేను జాబితాలోంచి కొట్టేస్తాను. కోపం తెచ్చుకోకండి, కారణాలు చెబుతాను.

మాదీ ఆ పక్కే, ఆగిరిపల్లి దగ్గర. ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్ళయింది. ఐదు చెట్ల మీద ఇప్పుడు పంతొమ్మిది రకాలున్నాయి. మామిడి అంట్లు చూసి పెరిగాను కాబట్టి ఆపిల్ ఏముందిలే అనుకున్నాను. మొదటి ఏడాది పన్నెండు కడితే మూడు పట్టాయి. చెయ్యి బానే ఉంది, తప్పంతా పుల్లలో ఉంది, అంటే అంటు కట్టడానికి నచ్చిన రకం చెట్టు నుంచి కోసే కొమ్మ ముక్కలో.

మామిడికి ఏం చేస్తాం? కొమ్మ చివర పది రోజుల ముందు ఆకులు గిల్లేసి, మొగ్గ ఉబ్బాక ఆ పుల్ల కోసి, అదే రోజు కట్టేస్తాం. పాతకాలం పద్ధతైతే టెంక మొలకెత్తిన కుండీనే చెట్టు దగ్గరకి మోసుకెళ్ళి కొమ్మకి ఆనించి కట్టేవాళ్ళు, కొమ్మని తల్లి నుంచి వేరు చెయ్యకుండానే. రెండింట్లోనూ పుల్ల బతికుండి, మేలుకుని ఉంటుంది. ఆపిల్‌కి పూర్తిగా తిరగేసి ఆలోచించాలి. చెట్టు మేలుకోవాలి, పుల్ల మాత్రం నిద్రలోనే ఉండాలి. మే నెలలో పచ్చి ఆకులున్న ఆపిల్ కొమ్మ కోసి కడితే, అతుకు పడేలోపే ఆకులు ఉన్న తడంతా పీల్చేసి పుల్ల వాడిపోతుంది. అందుకే చలికాలంలో, చెట్టు మోడుగా ఉన్నప్పుడే పుల్లలు కోసి ఫ్రిజ్‌లో పడుకోబెట్టాలి. చెట్టు మేలుకున్నాక తీసి కట్టాలి. మీ నాన్నగారు మే 10న వచ్చినా ఇబ్బంది లేనిది అందుకే. పుల్ల ఫ్రిజ్‌లో నిద్రపోతూ ఉంటే ఆయన టికెట్ తేదీ దానికి పట్టదు.

ఇక రకాల సంగతి. ఎక్కువమంది పోగొట్టుకునేది ఇక్కడే. కట్టడం తెలియక పోయే చెట్లు తక్కువ, తప్పు రకం కట్టి పదేళ్ళు దానికి మందులు కొడుతూ గడిపేవాళ్ళు ఎక్కువ. నా లెక్క ఒక్కటే. కాస్ట్‌కోలో ఏడాది పొడవునా దొరికే కాయ కోసం నా చెట్టు మీద కొమ్మ ఖర్చు పెట్టను. దుకాణంలో దొరకనిది కావాలి, ఈ తేమకి, ఈ తెగుళ్ళకి తట్టుకునేది కావాలి.

పింక్ లేడీ సంగతి చూడండి. అది పశ్చిమ ఆస్ట్రేలియాలో పుట్టిన రకం, అసలు పేరు క్రిప్స్ పింక్. పూత నుంచి కాయ పండటానికి దాదాపు 200 రోజులు కావాలి. మన దగ్గర ఏప్రిల్ చివర పూస్తే నవంబర్ మధ్యకి కానీ పండదు, ఆలోపే గడ్డకట్టే చలి వచ్చేస్తుంది. పైగా ఫైర్ బ్లైట్ అనే బాక్టీరియా తెగులుకి ముందు బలయ్యేది ఇదే. ఫ్యూజీ జపాన్ రకం, రుచికి వంక పెట్టను. తమాషా ఏమిటంటే దాని తల్లిదండ్రుల్లో ఒకటి మీరు తిట్టుకుంటున్న రెడ్ డెలీషియసే. కానీ ఫైర్ బ్లైట్‌కి అదీ మెత్తనే, పైగా ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది.

ఫైర్ బ్లైట్ ఎప్పుడూ చూడకపోతే ఒక్కసారి గుర్తుపట్టండి. పూత మీదున్నప్పుడు నాలుగు రోజులు వెచ్చగా ఉండి, వాన పడితే ఈ బాక్టీరియా పువ్వులోంచి లోపలికి దిగుతుంది. మే చివరికి కొమ్మ చివర కర్ర పిడిలా వంగి, ఆకులు రాలకుండానే పొయ్యి సెగ తగిలినట్టు నల్లబడతాయి. కనపడిన చోటు నుంచి కనీసం అడుగు కిందకి కోసెయ్యాలి, కోతకీ కోతకీ మధ్య కత్తెర స్పిరిట్‌తో తుడవాలి. మీ రెడ్ డెలీషియస్ దీనికి కాస్త గట్టిదే. దాని మీద మెత్తని రకం ఒకటి కట్టారంటే, గట్టి గోడకి తాళం లేని తలుపు పెట్టినట్టే. ఒకే చెట్టు మీద నాలుగు రకాలంటే ఒకదాని జబ్బు నలుగురి ఇంటికీ దారి.

కాస్మిక్ క్రిస్ప్ వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళ రకం, పేటెంట్ ఇంకా నడుస్తోంది. పేటెంట్ ఉన్న రకాన్ని ఇంట్లో అంటు కట్టుకోవడం కూడా కుదరదు, అమ్ముకుంటేనే తప్పు అనుకోకండి. కానీ మీకొక దారి చెబుతాను. ఎంటర్‌ప్రైజ్‌నీ హనీక్రిస్ప్‌నీ కలిపితే పుట్టిన పిల్ల అది. పిల్లని ఇవ్వకపోతే అమ్మానాన్నల్ని తెచ్చుకోండి. హనీక్రిస్ప్ మినసోటా యూనివర్సిటీ 1991లో విడుదల చేసింది, దాని పేటెంట్ 2008లోనే అయిపోయింది. ఎంటర్‌ప్రైజ్‌ది కూడా అయిపోయింది.

కాబట్టి మీ జాబితాలో హనీక్రిస్ప్ ఒక్కటి ఉంచుతాను. అదీ సుకుమారమే. ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు అలుగుతుంది, తొక్క కింద గోధుమరంగు గుంటలు పడతాయి, జులైలో జపనీస్ బీటిల్స్ ముందు దాని ఆకుల మీదే వాలతాయి. అయినా చెట్టు నుంచి కోసిన హనీక్రిస్ప్‌కీ, నెలల తరబడి కోల్డ్ స్టోరేజ్‌లో ఉన్నదానికీ పోలికే లేదు. పిల్లలున్న ఇంట్లో ఆ ఒక్క గారాబం ఉండనివ్వండి.

మిగతా కొమ్మలకి నేను చెప్పే రకాలు చాలావరకు ఒకే ఇంటి పిల్లలు. పర్డ్యూ, రట్గర్స్, ఇల్లినాయి, ఈ మూడు యూనివర్సిటీలు కలిసి ఆపిల్ స్కాబ్ మచ్చ తట్టుకునే రకాలు తయారు చేశాయి. మూడు పేర్ల మొదటి అక్షరాలు పీ, ఆర్, ఐ. ప్రిస్టీన్, విలియమ్స్ ప్రైడ్, ఎంటర్‌ప్రైజ్, ఈ పేర్ల స్పెల్లింగ్‌లో ఆ మూడక్షరాలూ వరసగా దాక్కుని ఉంటాయి చూడండి. రట్గర్స్ అంటే మన న్యూజెర్సీదే, అంటే ఈ మట్టినీ ఈ ఉక్కపోతనీ ఎరిగిన రకాలు.

విలియమ్స్ ప్రైడ్ ఆగస్టులో వస్తుంది, ముదురు ఎరుపు, వారం పది రోజుల్లో తినెయ్యాలి. హనీక్రిస్ప్ సెప్టెంబర్. ఎంటర్‌ప్రైజ్ అక్టోబర్, తొక్క మందం, కానీ మందు కొట్టకపోయినా నిలబడే మొండి ఘటం. అక్టోబర్ చివర గోల్డ్‌రష్. ఇలా పేర్చుకుంటే ఒకే వారంలో మూడొందల కాయలు మీద పడి ఊళ్ళో వాళ్ళందరికీ సంచులు మోసే బాధ ఉండదు.

గోల్డ్‌రష్ గురించి కాస్త ఎక్కువ చెప్పనివ్వండి, అది నా బలహీనత. కోసిన రోజు తింటే పళ్ళు జివ్వుమంటాయి, అంత పులుపు, అంత గట్టి. మొదటిసారి తిన్న మా ఆవిడ "దీనికోసమా ఐదేళ్ళు ఎదురుచూసింది" అంది. అట్టపెట్టెలో పేర్చి గరాజ్‌లో చల్లటి మూల పెట్టి మర్చిపోయాం. సంక్రాంతికి పెట్టె తెరిస్తే కాయ పసుపు తిరిగి, వాసన గది దాకా వచ్చింది. పులుపు అడుగున ఉండి తీపి పైకి తేలింది. మన ఊళ్ళో గడ్డిలో మాగేసిన రసాలు గుర్తొచ్చాయి, కాకపోతే ఇక్కడ మాగడానికి పది రోజులు కాదు, పది వారాలు. ఇంకో లాభం, ఆగస్టులో పచ్చి కాయలు కోస్తే పప్పులోకి, పులిహోరలోకి మామిడికాయ లేని లోటు తీరుతుంది. గ్రానీ స్మిత్ అనే పుల్లటి పచ్చ ఆపిల్‌తో ఆవకాయ పెట్టుకునే ఇళ్ళన్నీ దీన్ని ఒకసారి చూడాలి.

దానికి లోపం లేదని కాదు. స్కాబ్‌ని తట్టుకుంటుంది కానీ సెడార్ రస్ట్ అనే తుప్పు తెగుల్ని తట్టుకోదు. ఏప్రిల్ చివర వాన వెలిశాక మీ వీధిలో రెడ్ సెడార్ చెట్లు ఉంటే దగ్గరకెళ్ళి చూడండి. గోళీకాయంత గోధుమరంగు బుడిపె నుంచి, తడిసిన జిలేబీ ముక్కల్లా నారింజరంగు జిగురు కొమ్ములు వేలాడుతుంటాయి. ఆ బూజు గాలికి ఎగిరి ఆపిల్ ఆకు మీద వాలితే జూన్‌కి నారింజ చుక్కలు వస్తాయి. ఇంటి చుట్టూ సెడార్లు ఎక్కువగా ఉండి, మొగ్గలు గులాబీ రంగు తిరిగేటప్పుడు రెండు మూడుసార్లు మందు కొట్టే ఓపిక మీకు లేకపోతే, గోల్డ్‌రష్ బదులు లిబర్టీ పెట్టుకోండి. అది న్యూయార్క్‌లోని జెనీవాలో తయారైంది, స్కాబ్, రస్ట్, ఫైర్ బ్లైట్ అన్నిటికీ గట్టిదే.

ఒక కొమ్మ ఖాళీ ఉంటే ఆష్‌మీడ్స్ కర్నెల్. ఇంగ్లండ్‌లో గ్లాస్టర్ ఊళ్ళో 1700 ప్రాంతంలో పుట్టిన పాత రకం. తొక్క అచ్చం సపోటా తొక్కలా గరుకు, మా ఇంటికొచ్చినవాళ్ళు ముట్టుకోరు. నా అదృష్టం. కాపు తక్కువే, రుచికి మాత్రం సాటి లేదు. జోనాగోల్డ్, ముత్సు లాంటివి కూడా బాగుంటాయి, కానీ వాటి పుప్పొడి మిగతావాటికి పనికిరాదు, పైగా పక్క కొమ్మల్ని తొక్కేసి పెరుగుతాయి. నాలుగు రకాల చెట్టు మీద అలాంటి పెద్దన్న వద్దు.

ఏ రకం ఏ కొమ్మకి అనేది కూడా ముందే అనుకోవాలి. హనీక్రిస్ప్ మెల్లగా పెరుగుతుంది, దానికి పైన, ఎండ తగిలే దక్షిణం వైపు చోటివ్వండి. బలంగా పెరిగే ఎంటర్‌ప్రైజ్ కింద కొమ్మలకి. తిరగేస్తే నాలుగేళ్ళకి హనీక్రిస్ప్ కనపడదు.

ఇప్పుడు పుల్లలు. ఇవాళ జనవరి మూడో వారం. ఇప్పటి నుంచి ఫిబ్రవరి ఆఖరు లోపు, గడ్డకట్టని మధ్యాహ్నం చూసి కొయ్యాలి. తెలిసినవాళ్ళ చెట్టు నుంచి అయితే ఆ చెట్టుకి జబ్బుల్లేవని కళ్ళారా చూసి తీసుకోండి, పుల్లతో పాటు వైరస్‌లూ వస్తాయి. లేదా పుల్లలు అమ్మే నర్సరీలకి ఇప్పుడే ఆర్డర్ పెట్టండి, మార్చికి మంచి రకాలు అయిపోతాయి. కావాల్సింది నిరుడు పెరిగిన కొమ్మ, పెన్సిల్ లావు, నున్నటి బెరడు. సన్నగా కొమ్మకి అతుక్కుని ఉన్న మొగ్గ ఆకు మొగ్గ, అదే కావాలి. బొద్దుగా నూగుతో ఉన్నది పూమొగ్గ, వద్దు. కోసిన వెంటనే పేరు రాసిన టేప్ చుట్టండి. గుర్తుంటుందిలే అనుకోకండి. ఆకుల్లేని ఆపిల్ పుల్లలన్నీ కవలలే.

పేపర్ టవల్ తడిపి, గట్టిగా పిండి, పుల్లలకి చుట్టి, జిప్‌లాక్ సంచిలో పెట్టి గాలి తీసేసి ఫ్రిజ్‌లో పెట్టండి. డీప్ ఫ్రీజర్‌లో కాదు. నేను తప్పు చేసింది ఇక్కడే. కింద కూరగాయల అరలో పుల్లలు పెట్టాను, అదే అరలో ఇంట్లోవాళ్ళు ఆపిల్స్, పియర్స్ పోశారు. పండు వదిలే ఎథిలీన్ వాయువు ఆ మొగ్గల్ని చంపేసింది. పైకి పుల్ల పచ్చగానే ఉంది, గోటితో గీకితే కింద ఆకుపచ్చే కనిపించింది, మొగ్గ మాత్రం లోపల నల్లబడింది. పన్నెండులో తొమ్మిది అలా పోయాయి. ఆ మూడు నెలలు ఆ ఫ్రిజ్‌లోకి పండు రానివ్వకండి. గరాజ్‌లో రెండో ఫ్రిజ్ ఉంటే గొడవే లేదు.

మార్చిలో ఒక పని. అంటు కట్టే కొమ్మల్ని ఎంచుకుని, కట్టాలనుకున్న చోటికి అడుగు పైన కోసి ఉంచండి. అంటు కట్టే రోజు ఆ అడుగూ తీసేసి తాజా కోత పెట్టుకుంటారు. చెట్టంతా ఒకేసారి గుండు కొట్టించకండి. మొదటి ఏడు మూడు, నాలుగు కొమ్మలు చాలు. మిగతా ఆకులే వేళ్ళకి తిండి పంపాలి. మొత్తం కొట్టేస్తే చెట్టు కంగారుపడి వందల కొద్దీ నిలువు చిగుళ్ళు తోసేస్తుంది, అవి తియ్యడానికే మీ వేసవి అయిపోతుంది.

మే 10కల్లా చెట్టు పూత రాల్చి బెరడు బాగా ఊడే దశలో ఉంటుంది. మీ కొమ్మలు మణికట్టు లావు అన్నారు కాబట్టి బెరడు కింద పుల్ల దూర్చే పద్ధతే సరి. కొమ్మ అడ్డంగా రంపంతో కోసి, అంచు కత్తితో నున్నగా చెయ్యండి. పై నుంచి కిందకి అంగుళంన్నర పొడవున బెరడు మీద ఒకే గీటు. కత్తి మొనతో కొద్దిగా ఎత్తితే, అరటి డొప్ప విడినట్టు బెరడు చెక్క నుంచి తడితడిగా విడుతుంది. అలా విడకపోతే ఆపెయ్యండి, నాలుగు రోజులాగి మళ్ళీ చూడండి. పుల్లకి మూడు మొగ్గలు ఉంచి, కింద ఒక వైపు అంగుళంన్నర ఏటవాలు కోత. కత్తి ఒక్కసారే లాగాలి, చెక్కినట్టు నాలుగుసార్లు కాదు. రెండు కోతలూ బల్లపరుపుగా ఉంటేనే అతుక్కుంటాయి. వెనక వైపు చిన్న చివర కోత, దూరడానికి వీలుగా. పెద్ద కోత చెక్క వైపు తిప్పి బెరడు కిందకి జారనివ్వాలి, పైన కోత ఓ చిటికెడు బయటికి కనపడేలా ఆపాలి. ఒక్కో మోడుకి రెండు పుల్లలు ఎదురెదురుగా. రెండూ పడితే వచ్చే ఏడు బలహీనమైనది తీసేస్తారు.

కట్టు సంగతి మీ నాన్నగారికి నేను చెప్పక్కర్లేదు. పాలిథిన్ రిబ్బన్ బదులు ఇక్కడ పారాఫిల్మ్ అనే మైనపు టేప్ దొరుకుతుంది, పుల్లనంతా మొగ్గలతో సహా ఒక వరస చుట్టెయ్యండి, మొగ్గ దాన్ని చీల్చుకుని వస్తుంది. మోడు మీద గట్టి పట్టుకి మామూలు ఎలక్ట్రికల్ టేప్. మోడు కోత ముఖం, పుల్ల కొన మీద అంటు మైనం. తడి బయటికి పోకూడదు, నీళ్ళు లోపలికి దిగకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసిన పుల్ల చూసి ఆయన "ఈ ఎండుపుల్ల పడుతుందా?" అంటారు, మా నాన్నా అన్నాడు. గోటితో గీకి కింది పచ్చపొర చూపించండి, నోరు మూతపడుతుంది.

మూడు నాలుగు వారాల్లో మొగ్గ కదులుతుంది. అప్పుడే ఫోటోలు పంపి సంబరపడకండి. పుల్లలో దాచుకున్న తిండితోనే రెండాకులు వేసి వాడిపోయేవి ఉంటాయి, జూన్ చివరికి కూడా పెరుగుతుంటే పట్టినట్టు. పట్టాక అసలు టెన్షన్ మొదలు. జులై గాలివానలకి రెండడుగుల కొత్త చిగురు ఒక పక్క అతుకుతోనే వేలాడుతుంటుంది. మోడుకి ఒక సన్నటి కర్ర కట్టి, చిగురుని దానికి వదులుగా కట్టండి. ఆ కర్ర చిగురు కంటే ఎత్తుగా ఉండాలి. పిట్టలు ఎప్పుడూ అన్నిటికంటే ఎత్తున్న దాని మీద వాలతాయి, కర్ర మీద వాలితే చిగురు బతుకుతుంది. నాకు రాబిన్ పిట్టలు రెండు అంట్లు విరిచాక ఇది తెలిసింది. అంటు చుట్టూ పాత చెట్టు తోసే చిగుళ్ళు వారానికోసారి వేలితో గిల్లెయ్యండి. జులై చివర ఎలక్ట్రికల్ టేప్ నిలువునా చీల్చండి, లేకపోతే కొమ్మ గొంతు నొక్కేస్తుంది. జింకలు తిరిగే వీధైతే కంచె సంగతి ముందే చూసుకోండి. మరుసటి ఏడు పూసిన పూత తీసెయ్యండి, మనసొప్పకపోయినా సరే. మూడో ఏడు నుంచి కాయ.

మీ చెట్టు రెడ్ డెలీషియస్ అయితే దాన్ని పూర్తిగా తీసెయ్యకండి, ఒక కొమ్మ ఉంచండి, పుప్పొడికి పనికొస్తుంది. ఒక్క రకమే ఉంటే కాపు పల్చగా ఉంటుంది, అందుకే మీ ఇంట్లో కాయలు తక్కువ పడుతున్నాయేమో. మన చిన్నప్పుడు జ్వరం వస్తే బత్తాయిలతో పాటు కొనిపెట్టిన సిమ్లా ఆపిల్ కూడా ఎక్కువగా ఇదే. ఫిలడెల్ఫియా నుంచి వెళ్ళి హిమాచల్‌లో స్థిరపడిన సత్యానంద స్టోక్స్ వందేళ్ళ కిందట కోట్‌గఢ్‌లో నాటించిన రకం. పాపం, ఇక్కడ నర్సరీలు తరతరాలుగా ఎర్రగా కనిపించే కొమ్మలనే ఏరుకుని అంటు కట్టాయి, రంగు పెరిగి రుచి పోయింది.

నాన్నగారు వెళ్ళేటప్పుడు నాలుగు పుల్లలు సంచిలో పెట్టుకుంటానంటారు, ఒప్పుకోకండి. అనుమతి పత్రాలు లేకుండా మొక్కలు దేశం దాటించకూడదు. దాటించినా ఈ రకాలకి చలికాలంలో వందల గంటల గట్టి చలి తగలాలి, నూజివీడులో మొగ్గ నిద్ర లేవదు.

పేర్ల బిళ్ళలు మాత్రం ప్లాస్టిక్‌వి కొనకండి, మార్కర్ సిరా రెండు వేసవులకి ఎగిరిపోతుంది. కోక్ డబ్బా కత్తిరించి, బాల్‌పెన్నుతో గట్టిగా ఒత్తి రాసి, తీగతో వదులుగా కట్టండి. నా మూడో చెట్టుకి తూర్పు వైపు కొమ్మ ఒకటి ఉంది, సెప్టెంబర్ చివర తేనెలాంటి కాయ కాస్తుంది, దాని పేరేమిటో ఇప్పటికీ తెలియదు. ఫిబ్రవరిలో వచ్చి దాని పుల్ల కూడా కోసుకెళ్ళండి, మీరే ఏదో ఒక పేరు పెట్టండి.